తొమ్మిదవ తరగతిలో పెట్టిన ఆప్షను

వైద్యకళాశాలను ఎన్నుకొనుట వెబ్ ఆప్షన్ల రాత్రి జరుగు పని యని అందరును అనుకొందురు. జగ్గయ్యపేట, నందిగామ మెట్టపల్లెలలో ఆ యెన్నిక అంతకు నాలుగేండ్ల మునుపే ముగిసిపోవుచున్నది.

రాత్రి తొమ్మిది గంటలు దాటినది. జగ్గయ్యపేటలో ఎరువుల దుకాణమునకును చెప్పుల దుకాణమునకును నడుమ ఇరుకుకొనియున్న యొక ఇంటర్నెట్ సెంటరులో, పగలంతయు ఆధార్ కార్డుల లామినేషనుతోను పాస్‌పోర్టు ఫొటోలతోను గడిపిన యువకుడొకడు, వెనుక మూగిన ఐదారు కుటుంబములవారి ఊపిరి మెడకు సోకుచుండగా, కంప్యూటరు తెరమీద ఒక్కొక్క కళాశాల పేరును పైకిని క్రిందికిని జరుపుచున్నాడు. అతని ప్రక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న బాలిక వత్సవాయి మండలమునుండి వచ్చినది. తండ్రి మిరప రైతు. ఆయన ఒడిలోని కవరులో ఆరవ తరగతి మొదలు ఇంటర్మీడియెట్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీ.సీ., కుల ధ్రువపత్రము, ర్యాంకు కార్డు, వీనికన్నిటికిని రెండేసి జిరాక్సులు, రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టి యున్నవి. వేసవిలో ఎరువుల బాకీ తీర్చునప్పుడు సైతము ఆయన ఇంత జాగ్రత్తగా కాగితములు లెక్కపెట్టియుండడు.

“ఫస్ట్ ఏది పెట్టమంటావ్ బాబాయ్?”

“బెజవాడ పెట్టు. దగ్గర. ఆదివారం పిల్ల ఇంటికొస్తది.”

“నీ ర్యాంకుకి సిద్ధార్థ కష్టం చెల్లెమ్మా. పోయినేడు కటాఫ్ చూశాగా. ఊరికే ఆప్షన్ వేస్టవుద్ది. మచిలీపట్నం పైకి తెద్దాం.”

బాలిక తన నోటుపుస్తకమును తెరచి చూచి, మరల మూసి, తండ్రివైపు తిరిగి మెల్లగా, “నాన్నా, గుంటూరు పైన పెట్టనా? అక్కడ ఓపీకి జనం బాగా వస్తారంట. చూసి నేర్చుకోవచ్చంట” అనెను.

తండ్రి దూరమును చూచుచున్నాడు; యువకుడు పోయినయేటి కటాఫును చూచుచున్నాడు; చదువును గూర్చి తలచినది ఆ పిల్ల యొక్కతెయే. ఆ మాట అందరికంటె మెల్లగా పలికినదియు ఆమెయే.

నీట్ ఫలితములు వెలువడిన నాటినుండి కౌన్సెలింగు ముగియువరకు ఈ మెట్టప్రాంతమున టీ అంగడి యొద్దను, పత్తి కాటా యొద్దను, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి మెట్లమీదను వినబడు సంభాషణ యిదియే. 2025 మే 4వ తేదీన దేశమందంతటను 22 లక్షలమందికి పైగా ఆ పరీక్ష వ్రాసిరి. 12 లక్షలమందికి పైగా అర్హులైరి. ఆ యేడు ఫిజిక్స్ ప్రశ్నలు ఎంత కఠినముగా వచ్చినవనగా, అంతకు ముందటి సంవత్సరము 720కి 720 తెచ్చుకొన్నవారు పదిమందికి పైగా నుండగా, ఆసారి మొదటి ర్యాంకు వానికే 686 మార్కులు వచ్చినవి. మార్కుల కొలత ఇట్లు ఏటేట మారుచుండగా, పోయినయేటి కటాఫు మార్కులను ముందు పరచుకొని ఈయేటి బిడ్డకు కళాశాలను నిర్ణయించుట యెంత సాహసమో చెప్పనక్కరలేదు. ర్యాంకులతో పోల్చిచూచిన కొంత మేలు, అదియు కొంతయే.

ఆప్షను ‘వేస్టు’ అగునా?

కాదు. ఈ ప్రాంతపు ఇంటర్నెట్ సెంటర్లలో ఏటేట వినవచ్చు అపోహలలో ఇంత నష్టము కలిగించునది మరొకటి లేదు. విజయవాడయందలి ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము నడపు కౌన్సెలింగులో యంత్రము చేయు పని మిక్కిలి సరళమైనది. అది ర్యాంకుల వరుసలో ఒక్కొక్క అభ్యర్థిని పట్టుకొని, ఆ యభ్యర్థి జాబితాను పైనుండి క్రిందికి చదువుచు, అతని రిజర్వేషను వర్గమునకును స్థానికతకును తగినట్లు ఎక్కడ ఖాళీ కనబడునో అక్కడ ఆగి సీటు కేటాయించును. మొదటి ఆప్షను దక్కనంత మాత్రమున రెండవదానియందు అతని హక్కు వెండ్రుకవాసియైనను తగ్గదు. అతనికంటె తక్కువ ర్యాంకువాడు ఆ కళాశాలను మొదటనే పెట్టుకొన్నను, యంత్రము ముందు చూచునది ర్యాంకునే గాని ఆప్షను సంఖ్యను గాదు.

కనుక వరుస యనునది తన నిజమైన ఇష్టమునకు అద్దమై యుండవలెను. గుంటూరుపై మనసున్న పిల్ల గుంటూరునే మొదట పెట్టవలెను; రాదని తోచినను పెట్టవలెను. నిజమైన ప్రమాదము రెండు చోట్ల నున్నది. మూడు కళాశాలలు మాత్రమే పెట్టి చాలించినవాడు, నాలుగవదానిలో తనకు రావలసిన సీటు పరులకు పోవుచుండగా చూచుచు కూర్చుండవలసి వచ్చును. చేరుటకు ఏమాత్రము ఇష్టములేని కళాశాలను ‘ఉండనీ’ యని చేర్చినవాడు, తరువాతి విడతలలో అదే వచ్చిపడినప్పుడు, చేరకపోయినచో విధింపబడు ఆంక్షలకు లోబడవలసి వచ్చును. అఖిల భారత కోటాలో ఈ పట్టు మరింత గట్టిది.

ఒకే పరీక్ష, ఒకే తక్కెడ

తన చదువు బలమునుబట్టి కళాశాలకు దరఖాస్తు చేసికొనుట యనునది ఒకప్పుడు మాటవరుస కాదు, నిజముగా చేయదగిన పని. ఎంసెట్ ఉన్న దినములలో వైద్యవిభాగపు పరీక్షకు 160 ప్రశ్నలు. వానిలో 80 బోటనీ జువాలజీలవి, ఫిజిక్స్ కెమిస్ట్రీలకు నలుబదేసి. తప్పు వ్రాసినచో మార్కులు కోయువాడు లేడు. ఇంటర్మీడియెట్ మార్కులకు నాలుగవ వంతు వెయిటేజీ. కుదురుగా కూర్చుండి అకాడమీ పుస్తకమును అక్షరము వదలక చదువు పల్లెటూరి పిల్లకు అది అనుకూలమైన కొలత. ఢిల్లీ ఎయిమ్స్ పెట్టిన పరీక్ష దీనికి పూర్తిగా వేరు. 200 ప్రశ్నలలో జీవశాస్త్రమునకు దక్కినవి 60 మాత్రమే. ఫిజిక్స్‌కు 60, కెమిస్ట్రీకి 60, మిగిలిన యిరువది సామాన్యజ్ఞానమునకును తర్కమునకును. అందును, ఒక ప్రతిపాదనను, దానికొక కారణమును చెప్పి రెంటికిని పొందికయున్నదో లేదో తేల్చుమను ప్రశ్నలకు అది పేరుపొందినది. లెక్కలయందు చురుకైనవాడు బైపీసీలో చేరినచో ఎంసెట్‌లో వెనుకబడియు ఎయిమ్స్‌లో నెగ్గుకొని రాగలిగెడివాడు. వెల్లూరు సీ.ఎం.సీ. తన పరీక్షను తానే పెట్టుకొని, ఆ పిమ్మట అభ్యర్థులను తన యొద్దకు పిలిపించుకొని, వారి స్వభావమును సేవాదృష్టిని పరికించి ఎన్నుకొనెడిది.

2017 నుండి రాష్ట్రమందలి సీట్లన్నియు నీట్ క్రిందకి వచ్చినవి. 2020 నుండి ఎయిమ్స్, జిప్‌మర్ పరీక్షలు సైతము దానిలో లీనమైనవి. నీట్‌కు నిరసనగా వెల్లూరువారు 2017లో ఎం.బి.బి.ఎస్.లో ఒక్క విద్యార్థిని మాత్రమే చేర్చుకొన్న సంగతి చదువరులలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. ఒకే పరీక్షవలన దరఖాస్తుల ఖర్చును, ఊరూరు తిరుగు శ్రమయు తగ్గినవనుట నిజమే. రెండు మూడు తక్కెడలలో ఏదో యొక దానియందు తన బరువును చూపుకొను అవకాశము పోయిన మాటయు అంతే నిజము. నా మట్టుకు నేను ఈ లాభనష్టములలో నష్టమే కొంచెము ఎక్కువ యని తలంతును.

> నీట్ మార్కుల పొందిక
> మొత్తము 180 ప్రశ్నలు, 720 మార్కులు. జీవశాస్త్రము 90 ప్రశ్నలు, 360 మార్కులు. ఫిజిక్స్ 45 ప్రశ్నలు, 180 మార్కులు. కెమిస్ట్రీ 45 ప్రశ్నలు, 180 మార్కులు. సరియైన జవాబునకు 4 మార్కులు, తప్పునకు 1 కోత. మొత్తము సమానమైనప్పుడు మొదట జీవశాస్త్రమును, తరువాత కెమిస్ట్రీని, ఆ పిమ్మట ఫిజిక్స్‌ను చూతురు. ప్రశ్నపత్రము తెలుగుతో గూడ 13 భాషలలో లభించును.

ఐనను బలమును చూచుకొనుటకు చోటు బొత్తిగా లేకపోలేదు. ఇద్దరికిని 470 మార్కులే వచ్చినవనుకొందము. ఒకరికి జీవశాస్త్రమున 330, కెమిస్ట్రీలో 90, ఫిజిక్స్‌లో 50. మరొకరికి 280, 100, 90. నియమము ప్రకారము మొదటివారిదే పై ర్యాంకు. ఈ నియమము గ్రుడ్డిది కాదు. కళాశాలలో అడుగుపెట్టిన పిదప ఫిజిక్స్ కంటిచూపును బోధించునప్పుడును రేడియాలజీలోను తొంగిచూచి పోవునే గాని బల్లమీద ఎదురుగా కూర్చుండదు. కెమిస్ట్రీ బయోకెమిస్ట్రీగాను మందుల శాస్త్రముగాను తిరిగి వచ్చును. జీవశాస్త్రము మొదటి దినముననే అనాటమీ, ఫిజియాలజీ యను పేర్లతో ఎదురువచ్చి విద్యార్థిని చుట్టుముట్టును. ఫిజిక్స్‌లో దెబ్బతిని, జీవశాస్త్రము ఆదుకొనగా సీటు తెచ్చుకొన్న పిల్ల ‘నేను తెలివితక్కువదానిని’ అని క్రుంగనక్కరలేదు. ఆమె బలము ముందు ముందు పనికివచ్చు బలమే.

ఆంగ్లమునందును తార్కికమైన ఆలోచనయందును గట్టివారైన పిల్లలకు ఇంకొక ద్వారము తెరచియున్నది, మన ప్రాంతమున దానిని తట్టువారు మిక్కిలి తక్కువ. పూనాలోని సాయుధదళముల వైద్యకళాశాల నీట్ మార్కులతో సరిపెట్టక, ఆంగ్ల గ్రహణశక్తికిని తర్కమునకును వేరుగా ఒక పరీక్షను, దానిమీద ఇంటర్వ్యూను జరుపును. బాలికలకును ప్రవేశము కలదు. చదువు పిమ్మట సైన్యమునందు సేవచేయుటకు ఒప్పుకొనవలెను. ఆ మాట వినగానే తల్లులు వెనుకకు లాగుదురు. పిల్లలను మాత్రము ఒక్కసారి అడిగి చూడవలెను.

కళాశాల బలము ఎక్కడ నున్నది?

అద్దాల మేడలలో లేదు. ఓపీ చీటీల వరుసలో నున్నది. విశాఖపట్నమున ఆంధ్ర వైద్యకళాశాల 1923లో, గుంటూరు కళాశాల 1946లో, కాకినాడ రంగరాయ కళాశాల 1958లో పుట్టినవి. ఒక్కొక్కదానియందు ఇప్పుడు ఏటా 250 సీట్లు. విజయవాడ సిద్ధార్థ కళాశాల 1980లో ప్రైవేటు పూనికతో మొదలై, తరువాత ప్రభుత్వపరమైనది, సీట్లు 175. వీని వెనుక నున్న ఆసుపత్రులకు వచ్చు రోగులు చిన్న జలుబుతో వచ్చువారు కారు. పల్లెలో ఆర్.ఎం.పీ. చేతిలో రెండు వారములు, పట్టణపు నర్సింగుహోములో ఒక వారము గడిపి, డబ్బు అయిపోయిన పిదప, వ్యాధి ముదిరిన దశలో పెద్దాసుపత్రి మెట్లు ఎక్కువారు. ఇది సంఘమునకు దౌర్భాగ్యము, కాని విద్యార్థికి గ్రంథములలో చదివిన ప్రతి లక్షణమును కంటితో చూచి చేతితో తాకు అవకాశమును కలిగించుచున్నది. ఆ వత్సవాయి బాలిక ఎవరి నోటనో విని చెప్పిన ‘ఓపీకి జనం బాగా వస్తారంట’ అనునది, ఎన్ని ర్యాంకింగు పట్టికలు తిరుగవేసినను ఇంతకంటె మేలుగా చెప్పరాని కొలత.

మొదటి సంవత్సరపు శవచ్ఛేదనశాలను ఒకసారి తలచుకొనుడు. పొడవైన గది, ఫార్మలిన్ వాసన కన్నులను మండించుచుండును, ఉక్కుబల్ల చుట్టును తెల్లకోట్లు, ముందు వరుసవారికి మాత్రమే చేయి కనబడును. ఒక్కొక్క బల్లచుట్టును ఎందరు నిలిచెదరు, చేతికి కత్తి ఎన్నాళ్లకొకసారి వచ్చును, ప్రక్కన నిలుచుండి ఇది నరము, ఇది స్నాయువు అని చూపు అధ్యాపకుడు ఉన్నాడా లేక ఆ కుర్చీ ఖాళీగా నున్నదా — ఆప్షన్లు పెట్టుటకు ముందు ఒక సీనియరునకు ఫోను చేసి అడుగదగిన ప్రశ్నలు ఇవి. హాస్టలులో కూర ఎట్లుండునని అడుగు తండ్రులు ఇది అడుగరు.

2023లో మచిలీపట్నము, ఏలూరు, రాజమహేంద్రవరము, విజయనగరము, నంద్యాలలలో ఒక్కొక్కటి 150 సీట్లతో ఐదు ప్రభుత్వ కళాశాలలు ఒకేసారి తెరువబడినవి. క్రొత్త కళాశాలకు చులకన తగదు. విద్యార్థుల సంఖ్య తక్కువగా నున్నచోట అధ్యాపకునకు పేరుపెట్టి పిలుచు చనువుండును. నోరు విప్పలేని పిల్లకు అది పెద్ద అండ. కాని పెద్ద సీనియర్ల సాహచర్యము, రాత్రి డ్యూటీలో పక్కన నిలిచి నేర్పు పీజీ విద్యార్థులు, దశాబ్దముల తరబడి గడించిన పాఠముల మూట క్రొత్త గోడలతోపాటు రావు. స్వయముగా పుస్తకము పట్టుకొని ముందుకు పోగలవారు క్రొత్త కళాశాలలో నష్టపోరు. ఎవరో యొకరు వెంటనుండి నడిపింపవలసినవారు పాతదానియందు చేరుట మేలు. బలాబలములను చూచుకొనుట యన్న మాటకు ఇక్కడ అసలైన అర్థము దొరకుచున్నది.

> మనకు దగ్గరలో
> మంగళగిరి ఎయిమ్స్ 2018లో 50 మందితో మొదలైనది. సొంత భవనములు లేని ఆ తొలిదినములలో తరగతులు విజయవాడ సిద్ధార్థ కళాశాలలో జరిగినవి. ఇప్పుడు 125 సీట్లు. అన్నియు అఖిల భారత ర్యాంకునుబట్టి నిండును. స్థానికులకు ప్రత్యేకమైన వాటా లేదు.
> రాష్ట్ర ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతము అఖిల భారత కోటాకు పోవును.
> విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయము 1986లో వెలసినది. 2022లో పేరు మారినది, 2024లో ఎన్.టి.ఆర్. పేరు తిరిగివచ్చినది.

నందిగామ పిల్లకు మంగళగిరి గంటన్నర ప్రయాణము. కాని ఆ సీటుకొరకు ఆమె కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు గల పిల్లలందరితోను పోటీ పడవలెను. దూరమున దగ్గరిది ర్యాంకున దూరమైనది.

ఇక నెవ్వరును లెక్కవేయని బలమొకటి కలదు: తెలుగు. మొదటి సంవత్సరమున తెలుగుమీడియము పిల్ల చౌరాసియా అనాటమీ పుస్తకమును ప్రక్కన నిఘంటువుతో చదువుచు, పదిమందిలో లేచి మాటాడుటకు జంకుచు కన్నీరు పెట్టుకొనుట వాస్తవమే. మూడవ సంవత్సరమున వార్డులో అడుగుపెట్టిన నాడు కథ తిరుగబడును. చందర్లపాడునుండి వచ్చిన ముసలమ్మ “కడుపులో దేవినట్టుంటది, గుండెల్లో మంట లేస్తది, వొళ్లంతా సలుపు” అని చెప్పుచుండగా, పట్టణపు ఆంగ్ల పాఠశాలలో పెరిగిన విద్యార్థి తెల్లబోయి చూచును. ఈ పిల్ల ఆ మూడు మాటలను మూడు లక్షణములుగా విడదీసి కేసుషీటులో వ్రాయును. రోగి చెప్పునది విని ఆరా తీయుటయందే సగము రోగనిర్ణయము జరుగునని వైద్యాధ్యాపకులు నిత్యము చెప్పుచుందురు. మంచి ర్యాంకు వచ్చినదని అఖిల భారత కోటాలో జైపూరో పాట్నాయో పెట్టుకొను మన పిల్లలు, మొదటి ఏడాదియంతయు రోగి భాష నేర్చుకొనుటకే వెచ్చింపవలసి వచ్చునని తెలిసి పెట్టుకొనవలెను. వెళ్లకూడదని కాదు.

పెనుగంచిప్రోలు పుట్టింటి పేరు

దూరములు పోయి వైద్యము చదువుట ఈ గడ్డకు క్రొత్త కాదు. విజ్ఞానసర్వస్వమునకు తెలుగున పునాది వేసిన కొమర్రాజు లక్ష్మణరావు పుట్టినది 1877లో, పెనుగంచిప్రోలున. ఆయన కుమార్తె అచ్చమాంబ మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, విజయవాడలో వైద్యురాలై, స్త్రీలకొరకు ప్రసూతి, శిశుపోషణములను గూర్చి తెలుగున గ్రంథము రచించి, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైనది. కృష్ణాజిల్లా పెదముత్తేవిలో పుట్టిన కాకర్ల సుబ్బారావు విశాఖపట్నమున చదివి, రేడియాలజీలో ప్రఖ్యాతి గడించి, హైదరాబాదు నిమ్స్‌కు తొలి డైరెక్టరయ్యెను. మంటాడవాడైన నోరి దత్తాత్రేయుడు కర్నూలు వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదివి, అమెరికాలో కాన్సరు చికిత్సయందు పేరుపొందెను.

ఈ కర్నూలు ముచ్చట వినుటకు తేలికగా నున్నది గాని, ఈనాడు నందిగామ పిల్లవాడు కర్నూలు ఆప్షను పెట్టినచో సీటు దొరకుట ఎంత కష్టమో చూడుడు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రమును విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభజించినది. శ్రీకాకుళమునుండి ప్రకాశము వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతము. నెల్లూరును రాయలసీమయు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతము. ఒక్కొక్క ప్రాంతపు కళాశాలలో 85 శాతము సీట్లు ఆ ప్రాంతమువారికే. కనుక మనవారికి కర్నూలు, తిరుపతి, కడప, అనంతపురములు జాబితాలో ఉన్నవన్న పేరేగాని, అచ్చట మిగిలిన 15 శాతములో పోటీ పడవలెను. ఆ కళాశాలలను జాబితా చివర చేర్చుటలో తప్పులేదు; వానిమీద ఆశ పెట్టుకొని నిద్రపోవుట తప్పు.

ఇరువది లక్షల మాట

డబ్బును గూర్చి క్లుప్తముగా. క్రొత్తగా వెలసిన ఆ ప్రభుత్వ కళాశాలలయందు 2023లో సీట్లను మూడు పాళ్లుగా విభజించిరి: సగము మామూలు ఫీజుతో, 35 శాతము ఏటా 12 లక్షలకు, 15 శాతము ఎన్.ఆర్.ఐ. కోటా క్రింద ఏటా 20 లక్షలకు. ప్రభుత్వకళాశాల యనగానే ఉచితమని నమ్మి ఆప్షను పెట్టినవారు, ఏ కేటగిరీకి పెట్టుచున్నారో తెరమీద రెండుసార్లు చూచుకొనుట మంచిది. నాలుగు ఎకరముల పత్తిచేనును తాకట్టు పెట్టి, ఏటా 12 లక్షల ఆ బి-కేటగిరీలో చేర్చిన తండ్రులు ఈ మండలములలో కొత్త కాదు. ఆ అప్పు తీరువరకు ఆ బిడ్డ పల్లెలో వైద్యము చేయునని ఎవరును ఆశింపరు.

విదేశముల మాట మరొకటి. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైనప్పుడు చదువు సగములో వదలి తిరిగివచ్చిన విద్యార్థులలో తెలుగు పిల్లలు ఎందరో. జార్జియా, కిర్గిజ్‌స్తాన్ ఏజెంట్లు ఇప్పటికిని నందిగామ సెంటరులో కరపత్రములు పంచుచునేయున్నారు. తిరిగివచ్చినవారు ఇచ్చట వృత్తి చేయుటకు ముందు 300 మార్కుల పరీక్షలో 150 తెచ్చుకొనవలెనను మాట ఆ కరపత్రములలో చిన్న అక్షరములలోనైనను కనబడదు.

గరికపాడు గీత

జగ్గయ్యపేటనుండి హైదరాబాదు రహదారి నంటి పడమరగా పోయినచో గరికపాడు చెక్‌పోస్టు, పాలేటి వంతెన, ఆవల తెలంగాణ. ఆవలి యొడ్డున కోదాడ, ఉత్తరమున ఖమ్మము. పెండ్లిండ్లు ఆ గీతను దాటును, మిరపబస్తాలు దాటును, బడిబస్సులును దాటును. ఒక రాష్ట్రముగా నున్నంతకాలము ఈ దాటుటవలన ఎవరికిని కీడు లేదు. రాష్ట్రము విడిన పిదప సైతము, పునర్విభజన చట్టము పదేండ్లపాటు ఉమ్మడి ప్రవేశములను నిలుపుటచేత, ఎవరును దీనిని పట్టించుకొనలేదు. ఆ గడువు 2024 జూన్ 2తో తీరిపోయినది. మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వము 33వ నంబరు ఉత్తర్వును వెలువరించి, తొమ్మిదవ తరగతినుండి ఇంటర్మీడియెట్ వరకు వరుసగా నాలుగేండ్లు తెలంగాణలో చదివినవారే స్థానికులనెను. తగవు హైకోర్టుకు, అచ్చటినుండి సుప్రీంకోర్టుకు పోయినది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నియమమును సమర్థించినది.

దీని దెబ్బ ఎక్కువగా తగిలినది ఆవలి యొడ్డువారికి. కోదాడ, హుజూర్‌నగర్, మధిర పిల్లలు పదవ తరగతి కాగానే విజయవాడకు వచ్చి, గూడవల్లి, నిడమానూరు హాస్టళ్లలో రెండేండ్లు పడియుండుట ఒక తరమునుండి ఆచారము. తాతలనాటి ఇల్లు కోదాడలో, ఓటు కోదాడలో, ఇంటర్మీడియెట్ విజయవాడలో. ఈ పిల్లకు తెలంగాణలో నాలుగేండ్ల లెక్క నిండదు. ఆంధ్రలో చదివినది రెండేండ్లే గనుక ఇచ్చటను స్థానికురాలు కాదు. మంచి కళాశాల యని రెండు లక్షలు కట్టి పంపిన తండ్రి, ఆ దినముననే కూతురి ఆప్షన్లలో ముప్పాతికను చెరిపివేసితినని ఎరుగడు.

ఈవలి యొడ్డువారి స్థితి చిత్రముగా నుండును. జగ్గయ్యపేటలో పది వరకు చదివి హైదరాబాదులో ఇంటర్మీడియెట్ చదివిన పిల్లవానికి, ఉమ్మడి ప్రవేశములు సాగినంతకాలము, రాష్ట్రపతి ఉత్తర్వులోని ఏడేండ్ల లెక్క అక్కరకు వచ్చుచుండెను. ఏడింటిలో ఐదు ఇచ్చటివి గదా. ఎనిమిదవ తరగతి కాగానే ఖమ్మము హాస్టలునకు పోయి, నాలుగేండ్లు అచ్చటనే యున్నవాడు, రేషను కార్డు ఆంధ్రలో నున్నను, చదువు లెక్కలో తెలంగాణవాడగును. అతనికి 2023లో తెరచిన ఖమ్మము ప్రభుత్వ వైద్యకళాశాలయు, 2019 నాటి సూర్యాపేట కళాశాలయు స్థానికపు వాటాలో అందును. జగ్గయ్యపేటనుండి ఆ రెండును మచిలీపట్నముకంటె ఎంతో దగ్గర. కొందరు తండ్రులు ఇప్పుడు ఇది లెక్కవేసికొనియే తొమ్మిదవ తరగతికి బడిని చూచుచున్నారు. వారిని తెలివిగలవారనవలెనో, పదునాలుగేండ్ల బిడ్డను వైద్యకళాశాల పట్టికగా చూచు దుఃస్థితికి తేబడినవారనవలెనో నాకు తెలియదు. పదునాలుగేండ్ల పిల్లకు జీవశాస్త్రము ఇష్టమో ఫిజిక్స్ ఇష్టమో ఇంకను తేలియుండదు.

జగ్గయ్యపేటలో ప్రైవేటు పాఠశాల నడపు హెడ్మాస్టరొకరు చెప్పిన మాట: “జూన్ వచ్చిందంటే స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత పిల్లలు క్యూ కడతారండి. మూడేళ్ల క్రితం మూసేసిన బళ్లో చదివినోళ్ల పాట్లు చెప్పలేం. రికార్డు ఎంఈఓ ఆఫీసులో ఉందంటారు, వెళ్తే డీఈఓ ఆఫీసులో ఉందంటారు.” ఆయన సలహా యేమనగా, తరగతి ముగిసినప్పుడెల్ల, బడి మారినప్పుడెల్ల, ఏ సంవత్సరము ఏ మండలములో ఏ తరగతి చదివినదో స్పష్టముగా వ్రాయించి, ముద్ర వేయించి, అప్పటికప్పుడే కాగితము చేతికి తీసికొనవలెను. పేరులో ఇంటిపేరు ముందున్నదో వెనుకనున్నదో, ఆధార్‌లోను పదవ తరగతి మెమోలోను ఒకే తీరున నున్నదో అదే దినము సరిచూచుకొనవలెను. ప్రవేశ ప్రకటన వెలువడిన పిదప దిద్దుబాటుకు దొరకు వ్యవధి దినములలోనే యుండును. విజయవాడ ఆఫీసునకు వెళ్లివచ్చు బస్సుప్రయాణమునకే ఒక దినము చెల్లును.